జాబ్ ఎప్పుడొస్తుందో డప్పు చెబుతుందా?

బీటెక్ అయిపోయింది. కర్నూలులో రూమ్‌లో కూర్చుని ఇంటర్వ్యూ కాల్ కోసం ఎదురుచూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్టాలో ఓ రీల్: ‘షామానిక్ హీలింగ్‌తో మీ కెరీర్‌కి అడ్డుపడుతున్న శక్తుల్ని తొలగిస్తాం!’

ఆరేళ్ల కిందట నాకూ వచ్చింది. రూ.1,999 కట్టేశా. జూమ్‌లో నలభై నిమిషాలు డప్పు వినిపించి, ‘మీ పూర్వీకులు ఏదో చెప్పాలనుకుంటున్నారు, తర్వాతి లెవెల్ తీసుకోండి’ అన్నారు. దాని ధర రూ.7,999.

కడపలో మా అవ్వకు చెబితే నవ్వింది. ‘ఇంతదానికి అంత దుడ్డు పెట్టినావా? గంపతో వచ్చే ఎరుకలామె చాటెడు బియ్యానికే సోది చెప్పిపోయేది గదరా!’

ఎక్కడిదీ షామన్?

ఈ మాట సైబీరియాలోని ఎవెంకీ తెగలది. డప్పు కొడుతూ పూనకంలోకి వెళ్లి, ఆత్మలతో మాట్లాడి తన వాళ్లకు కబురు చెప్పే మనిషే షామన్. సోవియట్ పాలనలో వీళ్లను అణచివేశారు. 1991 తర్వాత మళ్లీ బయటికొచ్చారు. అమెరికాలో కథ వేరు. ఆంత్రొపాలజిస్టు మైకేల్ హార్నర్ అమెజాన్ తెగల దగ్గర చూసినదాన్ని ఎవరైనా నేర్చుకునే పద్ధతిగా మార్చి, 1980లో ‘ద వే ఆఫ్ ద షామన్’ రాశారు. డప్పు వర్క్‌షాపుల బాట అలా పడింది.

మన దేవరగట్టులో..

కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరం మీకు తెలుసు. అదయ్యాక భవిష్యవాణి చెబుతారు. వానలెలా ఉంటాయి, పత్తి, జొన్నలు ఎంత పలుకుతాయి అని. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ అది వేలమంది ఎదుట, అందరి పంట గురించి, ఉచితంగా చెప్పే మాట. తప్పితే నలుగురికీ తెలుస్తుంది. రీల్‌లో వచ్చే మాట మీ ఒక్కరికే. తప్పినా అడిగేవాళ్లుండరు.

పైగా ఎరుకలామె మీ ముఖం చూసి చెప్పేది. ఫోన్ మీ సెర్చ్‌లు చూస్తుంది. ‘ఫ్రెషర్ జాబ్స్’, ‘బ్యాక్‌లాగ్స్’ అని రోజూ వెతికేవాళ్లకు ఆ దిగులుకు తగ్గ యాడే వస్తుంది. దివ్యదృష్టి అనుకోకండి, అది యాడ్ టార్గెటింగ్.

డబ్బు కట్టే ముందు

* రీఫండ్ సంగతి రాతపూర్వకంగా ఇస్తారా?
* తర్వాతి లెవెల్ తీసుకోకపోతే కీడు జరుగుతుందని భయపెడుతున్నారా? అక్కడే ఆగిపోండి.
* జబ్బు నయం చేస్తామంటున్నారా? చాలా రోగాల విషయంలో తాయెత్తులు, మంత్రాలతో నయమవుతుందని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఈ విషయం మీద నిజంగానే ఆసక్తి ఉందా? యూపీఎస్సీ మెయిన్స్‌లో ఆంత్రొపాలజీ ఆప్షనల్ సిలబస్ తెరిచి చూడండి. షామన్ అక్కడ ఓ పాఠం. వచ్చే దసరాకి నోట్‌బుక్ పట్టుకుని దేవరగట్టు వెళ్లండి. బస్సు టికెట్ రూ.1,999 కాదు!