వార్తల్లో పదం: అదనపు మరణాలు

మామూలు రోజుల్లో ఒక దేశంలో ఏడాదికి ఎందరు చనిపోతారో పాత లెక్కలను బట్టి అంచనా వేయొచ్చు. మహమ్మారి వచ్చిన ఏడాది ఆ అంచనాను మించి సంభవించిన చావులే అదనపు మరణాలు. కరోనా సోకి పోయినవారితో పాటు, ఆస్పత్రిలో పడక దొరక్క గుండెపోటుతో పోయినవారూ, డయాలసిస్ ఆగి పోయినవారూ ఇందులోకి వస్తారు.

భారత్‌లో ఈ లెక్క పెద్ద వివాదమైంది. 2021 చివరికి ప్రభుత్వం చెప్పిన కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021లకు వేసిన అదనపు మరణాల అంచనా 47 లక్షలు. లెక్కగట్టిన పద్ధతే తప్పని కేంద్రం అభ్యంతరం చెప్పింది. తర్వాత 2025లో కేంద్రమే విడుదల చేసిన పౌర నమోదు గణాంకాల ప్రకారం 2020లో 81 లక్షలున్న మరణాల నమోదు 2021లో 1.02 కోట్లకు చేరింది. నమోదు మెరుగుపడటం కొంత కారణమే కానీ, ఒక్క ఏడాదిలో వచ్చిన ఇంత పెరుగుదలకు అదొక్కటే జవాబు కాదు.

అసలు చిక్కు వ్యవస్థలో ఉంది. మనదగ్గర నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించేవి నాలుగో వంతు కూడా ఉండవు. ఇంట్లో కన్నుమూసిన కూలీ మరణానికి కారణం రాసేదెవరు? సుప్రీంకోర్టు ఆదేశంతో ఖరారైన రూ.50 వేల పరిహారం కోసం కూడా కుటుంబాలు కోవిడ్ మరణమని రుజువు చూపాల్సి వచ్చింది. ఎక్కడ ఎందరు పోయారో తెలియకుండా ఆక్సిజన్, పడకలు, వైద్యులను ఎక్కడికి పంపాలో ఏ ప్రభుత్వమూ సరిగా నిర్ణయించలేదు.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఇంట్లో జరిగినా సరే, తప్పక చేయించండి.