పోయిన ఫోను జాడ - టవరు చెప్పేదెంత?

తెలంగాణం నుండి కూలికి వచ్చిన కామాఠీల పేరనే వెలసిన పేట బొంబాయిలోని కామాఠిపురా. అక్కడను, ఇతర తెలుగు చాళ్లలోను కాపురముండు మన కుటుంబాలకు నేడు సెల్‌ఫోనే పెట్టె, పద్దుపుస్తకము. మజూరీ జమ, షావుకారు ఆర్డరు, చీర నమూనా, ఊరి కబురు అన్నీ అందులోనే. అది పోయిననాడు “టవరు చూచి పట్టుకోరాదా?” అని అందరు అడుగుదురు. టవరు ఎంతవరకు చెప్పునో గ్రహించుటకు ఈ నగరములోనే జరిగిన పాత సంగతి యొకటి ఉపకరించును.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా నాయకులు జైళ్ల పాలైన పిదప ఉషా మెహతా అను విద్యార్థిని, ఆమె మిత్రులు రహస్యముగా కాంగ్రెసు రేడియో నడిపిరి. 42.34 మీటర్లపై ప్రసారము. పోలీసులు జాడ తీయు యంత్రములను వ్యానులలో పెట్టుకొని తిరుగుచుండిరి. అందుచేత వీరు మాటిమాటికి చోటు మార్చిరి.

అటువంటి యంత్రము పని తీరు మగ్గమెరిగినవారికి సులువుగనే తెలియును. చట్రమునకు చుట్టిన తీగను మెల్లగా తిప్పుచు వినవలెను. ఒక వైపునకు తిప్పినప్పుడు శబ్దము బాగుగా తగ్గిపోవును. దానినిబట్టి రేడియో ఏ దిక్కున నున్నదో తేల్చి పటముపై గీత గీయుదురు. మరొక చోటికి పోయి మరొక గీత. పడుగు పోగును పేక పోగు దాటినట్లు ఆ రెండు గీతలు దాటిన తావే రేడియో ఉన్న తావు. అయితే అలలు గోడలకు తగిలి మరలును గనుక ఇరుకు సందులలో గీత వంకర పోవును.

1942 నవంబరు 12న గిర్గాంలోని పారేఖ్ వాడీలో ప్రసారము జరుగుచుండగనే పోలీసులు జొరబడి పట్టుకొనిరి. వారిని ఆ తలుపు వరకు తెచ్చినది యంత్రము కాదు. లోపలి సాంకేతికుడొకడు చూపిన దారి. ఉషా మెహతాకు నాలుగేండ్ల శిక్ష పడినది.

సెల్‌ఫోను సంగతియు ఇంచుమించు ఇట్లే. మనము మాటాడకున్నను అది టవరుతో అప్పుడప్పుడు పలుకుచునే యుండును. ఏ టవరు, ఏ దిక్కు, ఎంత దూరము అనుదానినిబట్టి తావు అంచనా కట్టుదురు. ఆ అంచనా వందల గజాల మేర ఉండవచ్చును. కామాఠిపురా సందులలో వంద గజాలకు ఎన్ని గదులో మన చాళ్లవారికి చెప్పవలెనా? ఏ అంతస్తో అసలే తేలదు. ఉపగ్రహముల లెక్క బయట బాగుగా కుదురును గాని, స్లాబు క్రింద చెడును.

కనుక నమ్మదగినది ఫోను సంఖ్య కాదు, యంత్రమునకుండు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య. సిమ్ము మార్చినను అది మారదు. 2019 సెప్టెంబరులో మహారాష్ట్రలో మొదలిడిన ఏర్పాటు 2023 మే నెలలో “సంచార్ సాథీ” పేర దేశమంతటికి వచ్చినది. ముందు పోలీసు ఫిర్యాదు, అదే నంబరుపై కొత్త సిమ్ము, పిదప ఆ పోర్టలులో నమోదు. అప్పుడు ఆ ఫోను దేశములో ఏ కంపెనీ సిమ్ముతోను పనిచేయదు. ఎవరైన సిమ్ము వేసి చూచినచో జాడ పోలీసులకు చేరును. మీ అంతట మీరు ఆ తావునకు పోయి తలుపులు తట్టవద్దు.

ఈ సంఖ్య కొరకు స్టారు, హాషు, సున్న, ఆరు, హాషు నొక్కుడు. ఫోను చేతనున్నప్పుడే మగ్గము లెక్కల పుస్తకములో వ్రాసి, రసీదును అందులోనే పెట్టి ఉంచుడు.