పాత పికప్ వాహనం: నిత్య వ్యవసాయ రవాణాకు నమ్మకంగా నిలుపుకొనే యాజమాన్య పద్ధతులు

పండించిన పంటను సకాలంలో మార్కెట్టుకు చేర్చడం సాగులో చివరి దశ అయినప్పటికీ, ఏడాది శ్రమకు ఫలితం తేలేది ఆ దశలోనే. మదనపల్లె టమాట మార్కెట్టుకైనా, హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకైనా సరకు సమయానికి చేరినప్పుడే గిట్టుబాటు ధర దక్కుతుంది. వాహనం దారిలో ఆగిపోతే కోసిన పూలు, మాగిన పండ్లు మరుసటి రోజు వరకు అదే నాణ్యతతో నిలువవు. కొత్త వాహనానికి అప్పు చేయలేని చిన్న, సన్నకారు రైతులు పదిహేను, ఇరవై ఏళ్ల నాటి పికప్ వాహనాలనే నిత్యం వాడుకొంటున్నారు. ఇటువంటి వాహనం నమ్మకంగా నడవడం దాని వయసుపై కంటే, క్రమం తప్పని యాజమాన్యంపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

పాత వాహనాలు ఇంకా నిలవడానికి కారణాలు

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులతో వాహన రంగంలో అడుగుపెట్టింది. తరువాతి కాలంలో ఆ జీపులకు, వాటి ఆధారంగా తయారైన సరకు వాహనాలకు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ రూపొందించిన 2,112 సి.సి. డీజిల్ ఇంజన్‌ను అమర్చారు. టాటా సంస్థ 1988లో టాటామొబైల్ 206ను, దాని తరువాత 207 పికప్‌ను రైతులకు, చిన్న వ్యాపారులకు అందుబాటులోకి తెచ్చింది.

ఈ తరం డీజిల్ వాహనాలలో ఇంధన పంపు యాంత్రికంగానే పనిచేస్తుంది. ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్ ఉండదు. నిచ్చెన ఆకారపు చాసిస్, దానిపై విడిగా బిగించిన బాడీ, కమాను పట్టీలు ఉంటాయి కనుక పాడైన భాగాన్ని మాత్రమే విప్పి బాగుచేసుకోవచ్చు. మండల కేంద్రంలోని షెడ్డులో సాధారణ పనిముట్లతోనే చాలా మరమ్మతులు పూర్తవుతాయి. అయితే ఈ వాహనాలలో ఎయిర్ బ్యాగులు, చక్రాలు పట్టేయకుండా ఆపే బ్రేకు వ్యవస్థ ఉండవు. పొగ కూడా కొత్త వాహనాల కంటే ఎక్కువ. ఈ పరిమితులను దృష్టిలో ఉంచుకొని వేగాన్ని, బరువును అదుపులో పెట్టుకోవాలి.

మొదట పరిశీలించవలసినది చాసిస్

ఇంజన్, గేర్ బాక్స్ వంటి భాగాలు అరిగితే మార్చుకోవచ్చు. చాసిస్ తుప్పు పట్టి బలహీనపడితే మాత్రం వాహనాన్ని వదులుకోవడమే మేలు. కమాను పట్టీల బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, అడ్డ పట్టీల అతుకులను చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి లోహం గణగణమని మోగుతుంది. లోపల తినివేసిన లోహం మొద్దు శబ్దం చేసి పొరలుగా రాలుతుంది. ఒకదానిపై ఒకటిగా వెల్డింగ్ అతుకులు కనిపించే వాహనాన్ని ఎంత చవకగా వచ్చినా కొనరాదు.

వ్యవసాయ వాహనాలకు తుప్పు ముప్పు మరింత ఎక్కువ. యూరియా, అమ్మోనియం సల్ఫేట్, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వంటి ఎరువులు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తినివేస్తాయి. బస్తాల నుంచి రాలిన గుళికలు సరకు తొట్టి మూలల్లో చేరి, తొలకరి తడికి కరిగి చాసిస్ మీదికి కారుతాయి. గోదావరి జిల్లాల ఆక్వా రవాణాలో ఉప్పునీరు కూడా ఇదే హాని చేస్తుంది. ఎరువులు, చేపలు, రొయ్యలు రవాణా చేసిన రోజునే తొట్టిని, అడుగు భాగాన్ని మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. నీరు బయటకు పోయే రంధ్రాలు పూడిపోకుండా చూడాలి. పురుగుమందులను, కూరగాయలను ఒకే లోడులో తీసుకువెళ్లరాదు.

బ్రేకులు, స్టీరింగ్, టైర్లు

ఇంజన్ ఆగితే ఒక లోడు నష్టపోతాము. బ్రేకు ఆగితే ప్రాణాలే పోవచ్చు. కనుక మరమ్మతులకు కేటాయించే సొమ్ములో మొదటి వాటా బ్రేకులకు చెందాలి.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ చేరిన తరువాత ఈ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. బరువుతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. కాబట్టి రెండేళ్లకొకసారి ద్రవాన్ని పూర్తిగా మార్చాలి. చాలా పాత జీపులలో నాలుగు చక్రాలకూ ఒకే బ్రేకు మార్గం ఉండేది. ఒక చోట కారితే మొత్తం బ్రేకులు పోతాయి. ఇటువంటి వాహనంలో గొట్టాలను, వీల్ సిలిండర్లను నెలకొకసారి తప్పక పరిశీలించాలి. నీటి గుంతలు దాటిన తరువాత డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టు తగ్గుతుంది. నెమ్మదిగా నడుపుతూ పెడల్‌ను తేలికగా నొక్కి వాటిని ఆరబెట్టుకోవాలి.

వేగం రెట్టింపయితే బ్రేకులు ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అధిక బరువు దీనికి తోడయితే ప్రమాదం మరింత పెరుగుతుంది. ఆర్‌సీలో పేర్కొన్న బరువును మించి సరకు వేయరాదు. కూలీలను సరకు తొట్టిలో ఎక్కించడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా పరిహారానికీ చిక్కులు వస్తాయి.

టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకముందే మార్చాలి. టైరు పక్క భాగంలోని నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాడి మిగిలి ఉన్నా పక్కలు పగిలిన టైరును వాడరాదు.

ఇంజన్ చల్లదనం

అనంతపురం వంటి ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి. పాత ఇంజన్లు వేడెక్కి ఆగిపోవడానికి రేడియేటర్లో బోరు నీరు పోయడం ఒక ముఖ్య కారణం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గట్టి పొరగా పేరుకొని సన్నని గొట్టాలను మూసివేస్తాయి. శుద్ధి చేసిన నీటిలో కూలెంట్‌ను తయారీదారు సూచించిన నిష్పత్తిలో కలిపి వాడాలి. ఫ్యాన్ బెల్టు బిగువును, రబ్బరు గొట్టాల మెత్తదనాన్ని, రేడియేటర్ మూత స్ప్రింగును వేసవికి ముందే సరిచూసుకోవాలి. వేడి ఇంజన్‌పై మూత తెరవరాదు.

ఇంధనం, గాలి, విద్యుత్తు

డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీరు పంపును పాడుచేస్తుంది. నీటిని వేరుచేసే ఫిల్టర్‌ను వారానికొకసారి, వర్షాకాలంలో ఇంకా తరచుగా ఖాళీ చేయాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా గంధకం అతి తక్కువగా ఉన్న బీఎస్–6 డీజిల్ లభిస్తున్నది. పాత పంపులలోని గట్టిపడిన రబ్బరు సీళ్లు కారుతుంటే కొత్త రకం సీళ్లను వేయించుకోవాలి.

వరి నూర్పిళ్ల సమయంలో దుమ్ము, పొట్టు ఎక్కువగా ఉంటాయి. నూనె తొట్టి రకం ఎయిర్ ఫిల్టర్‌లో నూనెను గుర్తు వరకే పోసి, మడ్డి చేరగానే మార్చాలి. గడ్డివాము పక్కన నిలిపిన వాహనంలో ఎలుకలు వైర్లను కొరుకుతాయి. కనుక నిలిపే చోటు శుభ్రంగా ఉండాలి. బ్యాటరీ టెర్మినళ్లను, చాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరును శుభ్రపరిస్తే స్టార్టింగ్ సమస్యలు చాలా వరకు తొలగిపోతాయి.

ఖర్చుల లెక్క, నమోదు పుస్తకం

చాలామంది రైతులు షెడ్డు బిల్లును మాత్రమే ఖర్చుగా లెక్కిస్తారు. దారిలో ఆగినందువల్ల కలిగిన పంట నష్టాన్ని కూడా కలపాలి. ఉదాహరణకు ఒక పాత పికప్ ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతున్నదని, మరమ్మతులకు రూ. 45,000 అవుతున్నదని అనుకొందాం. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే ఈ బండికి, 14 కిలోమీటర్లు ఇచ్చే కొత్త బండి కంటే సుమారు 430 లీటర్ల డీజిల్ అదనంగా కావాలి. లీటరు రూ. 95 చొప్పున ఇది దాదాపు రూ. 41,000. ఏడాదిలో మూడుసార్లు ఆగి, ప్రతిసారీ రూ. 20,000 విలువైన సరకు పాడయితే మరో రూ. 60,000. మొత్తం రూ. 1,46,000. కొత్త బండికి నెలకు రూ. 14,000 కిస్తీ అనుకొంటే ఏడాదికి రూ. 1,68,000. అంటే మూడుసార్లు ఆగిన పాత బండి వల్ల మిగిలేది స్వల్పమే. పైగా కిస్తీలు తీరిన తరువాత కొత్త బండి సొంతమవుతుంది. అదే బండి ఒక్కసారీ ఆగకపోతే ఖర్చు రూ. 86,000 మాత్రమే. ఈ తేడాను సాధించేది ముందస్తు నిర్వహణే.

ఇందుకు ఒక నోటు పుస్తకం చాలు. డీజిల్ పోయించిన తేదీ, మీటరు అంకె, లీటర్లు, కలిపిన ఇంజన్ ఆయిల్, మార్చిన భాగాలు రాసుకోవాలి. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయిస్తే మైలేజీ కచ్చితంగా తెలుస్తుంది. మైలేజీ తగ్గడం, ఆయిల్ ఎక్కువగా తాగడం రాబోయే మరమ్మతుకు ముందస్తు సంకేతాలు. పెద్ద పనులను కోతలు లేని నెలల్లో చేయించుకోవాలి. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టం, క్లిప్పులు, డీజిల్ ఫిల్టర్, ఫ్యూజులు ఎల్లప్పుడూ వాహనంలో ఉంచుకోవాలి.

చట్టపరమైన జాగ్రత్తలు

ఎనిమిదేళ్లు దాటిన సరకు వాహనానికి ఏటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం పొందాలి. పదిహేనేళ్లు దాటిన వాహనాలకు 2022 ఏప్రిల్ నుంచి రుసుములు పెరిగాయి. ప్రస్తుత రేట్లను, హరిత పన్నును రవాణా శాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. ఇంజన్ మార్చదలచినప్పుడు ముందుగా అనుమతి పొంది, ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.

చాసిస్ బలహీనపడినా, బ్రేకు, స్టీరింగ్ భాగాలు నాణ్యమైనవి దొరకకపోయినా, నమోదు పుస్తకంలోని ఏడాది లెక్క కిస్తీని మించినా ఆ వాహనానికి వీడ్కోలు పలకాలి. ఈ మూడు పరిస్థితులు ఎదురుకానంత వరకు, పై పద్ధతులు పాటించే రైతుకు పాత పికప్ అప్పుల భారం లేకుండా పంటను వేళకు మార్కెట్టుకు చేర్చగలదు.