ప్రకృతి వైద్యుడు, అతని సహాయకుడు: ఒంటారియో చట్టం ఏమంటుంది?

ప్రకృతి వైద్యమనగానే తెలుగువారికి మట్టిపట్టీ, తొట్టిస్నానం, ఉపవాసం స్ఫురిస్తాయి. వాన్ నగరంలోని క్లినిక్కుకు వెళ్ళిన వారికి పేరు అదే గాని పరిధి వేరని తెలుస్తుంది. ఒంటారియోలోని నేచురోపతిక్ డాక్టరు మూలికలు, ఆహార నియమాలతో పాటు, తగిన అర్హత సంపాదించుకొని ఉంటే, ఇంజెక్షన్లు కూడా ఇవ్వవచ్చు. కనుకనే చట్టం నిఘా కూడా ఎక్కువ.

ఈ వృత్తి అక్కడ 1925 నాటి ఔషధరహిత చికిత్సకుల చట్టం క్రింద చిరకాలం కొనసాగింది. 2007లో శాసనసభ ఆమోదించిన నేచురోపతీ చట్టం 2015 జూలై 1న పూర్తిగా అమలులోకి వచ్చింది. నాటినుండి కాలేజ్ ఆఫ్ నేచురోపత్స్ ఆఫ్ ఒంటారియో ఈ వృత్తిని నియంత్రిస్తున్నది. పేరులో కాలేజీ ఉన్నా ఇది పాఠాలు చెప్పే కళాశాల కాదు. అనుమతి పత్రాలిచ్చి, ఫిర్యాదులు విచారించే సంస్థ.

1991 నాటి నియంత్రిత ఆరోగ్య వృత్తుల చట్టం ప్రమాదభరితమైన కొన్ని పనులను ‘నియంత్రిత క్రియలు’గా పేర్కొన్నది. ఇంజెక్షను ఇవ్వడం, రోగనిర్ధారణను రోగికి తెలియజేయడం, వెన్నుపూసల కీళ్ళను వేగంగా నొక్కి సర్దడం వీటిలోనివే. చట్టం అధికారమిచ్చిన వృత్తులవారే వీటిని చేయాలి.

మరి తెల్లకోటు ధరించిన సహాయకుని మాటేమిటి? బరువు తూచడం, రక్తపోటు కొలవడం, వివరాలు వ్రాసుకోవడం వంటివి నియంత్రిత క్రియలు కావు. శిక్షణ పొందిన సహాయకుడు వాటిని చేయవచ్చు. నియంత్రిత క్రియను మాత్రం నియమావళి అనుమతించిన మేరకే వైద్యుడు మరొకరికి అప్పగించగలడు. అప్పగించే ముందు ఆ వ్యక్తికి తగిన జ్ఞానం, నైపుణ్యం, విచక్షణ ఉన్నాయని నిశ్చయించుకోవాలి. ఆ విషయాన్ని నమోదు చేయాలి. పని చేతులు మారినా బాధ్యత చేతులు మారదు. అప్పగించిన వైద్యుడే కాలేజీకి జవాబుదారీ.

ఇది ప్రవాస కుటుంబాలకు పట్టని విషయం కాదు. స్వదేశం నుండి చూడవచ్చిన తల్లిదండ్రులకు సాధారణంగా ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తించదు. నేచురోపతీ సేవలకైతే స్థానికులకు సైతం ఆ బీమా లేదు; సొంత డబ్బో, ప్రైవేటు బీమానో దిక్కు. ఖర్చుకు వెరచి, భాష అడ్డమై, ఎదుటివారెవరో అడగకుండానే పెద్దలు చేయి చాపుతారు.

అడగడం మర్యాదకు భంగం కాదు, హక్కు. 1996 నాటి ఆరోగ్య సంరక్షణ సమ్మతి చట్టం ప్రకారం చికిత్సకు రోగి అంగీకారం అవసరం; ఆ అంగీకారానికి ముందు చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రమాదం, ప్రత్యామ్నాయం వివరించాలి. వైద్యుని పేరు కాలేజీ బహిరంగ పట్టికలో ఉన్నదో లేదో ఎవరైనా చూచుకోవచ్చు. సూది పట్టినది ఎవరు, ఆ అధికారం ఎవరిచ్చారు అన్న రెండు ప్రశ్నలు ముందే అడిగితే చాలు. మధుమేహం, రక్తపోటు మందులు వాడుతున్న పెద్దలు వాటిని సూచించిన వైద్యుని సంప్రదించకుండా ఎవరి మాటమీదా మానరాదు.