ఉద్ది కుదిరితేనే కోపు

కోలాటం చూడవచ్చినవాళ్ళ కళ్ళన్నీ కోలల మీదే ఉంటాయి. నేర్పే గురువు మాత్రం కాళ్ళే చూస్తుంటాడు. చెయ్యి తడబడితే ఎదుటివాడు సర్దుకుంటాడు, అడుగు తప్పితే వరసంతా చెడుతుంది. డోన్ చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ కళ్ళాలు ఒబ్బిడై, కందులు ఇల్లు చేరి, సంక్రాంతి దాటాక రామాలయం ముందర బండపరుపు మీద సాధన మొదలవుతుంది. రాత్రి అన్నాలు తిన్నాకే పని. శ్రీరామనవమికో, ఊరి తిరునాళ్ళకో ఆడి చూపాలి. తొలి రోజుల్లో కోలలు చేతికే ఇవ్వని గురువులున్నారు. ఉత్త చప్పట్లు, అడుగులు, అంతే. పిల్లకాయలు మొహాలు ముడుచుకుంటారు. “రేయ్ అబ్బీ, కాళ్ళు చూడాకు, పాట విను” అని గురువు అరుస్తూనే ఉంటాడు. కాళ్ళు చూసే హక్కు ఆయనొక్కడిది.

ఇలాగే అడుగు కలిపి ఆడే జట్టు ఆట అమెరికా హైస్కూళ్ళలోనూ ఒకటి ఉంది, పేరు కలర్ గార్డ్. బ్యాండు వాయిస్తుంటే జెండాలు, చెక్క తుపాకులు, కత్తులు తిప్పుతూ, గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ జట్టంతా ఒక్కటై ఆడతారు. యుద్ధంలో దళం జెండాకు కాపు కాసే సైనికుల నుంచి వచ్చిన ఆట. చలికాలంలో వ్యాయామశాలల్లో దీని పోటీలు నడపడానికి 1977లో వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కూడా పుట్టింది. మనం జెండాను అలా గాల్లోకి విసరం. ఎగరేస్తాం, వందనం చేస్తాం, మిఠాయి తింటాం. అయితే చేతిలో ఒక వస్తువు, జట్టంతటికీ ఒకే అడుగు, క్షణానికొక తీరుగా మారే వరసలు, వాటి వెనక ఒక శిక్షకుడు అనుకుంటే మన కోలాటం, చెక్కభజన ఆ ఆటకు దాయాదులే. వయసు లెక్కేస్తే ముత్తాతలు. కాకతీయ గణపతిదేవుని దగ్గర గజసేనకు అధిపతిగా ఉన్న జాయప సేనాని పదమూడో శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిలోనే కోలలతో ఆడే దండరాసకం ఉంది. హంపీ హజారరామాలయం ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాల బారులతో పాటు కోలలు పట్టిన ఆడవాళ్ళూ రాతిలో నడుస్తుంటారు.

గురువు అసలు పనితనం ఉద్దులు కట్టడంలో తెలుస్తుంది. కోలాటంలో లోపలి వరస ఒకటి, వెలుపలి వరస ఒకటి. ఎదురెదురుగా కోల తగిలించేవాళ్ళు ఒకరికొకరు ఉద్ది. అందుకే జట్టు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి, ఒకడు జ్వరమని పడుకుంటే ఇంకొకడు ఖాళీగా కూర్చోవాల్సిందే. ఎత్తుకు ఎత్తు చూసి కట్టడం ఎవరైనా చేస్తారు. తెలిసిన గురువు అడుగు పట్టుబడినవాడి ఎదుట పట్టుబడనివాణ్ణి నిలబెడతాడు. ఇద్దరు మెతకవాళ్ళను ఎదురెదురుగా పెడితే పాట సగానికి రాకముందే ఇద్దరూ కోలలు దించేస్తారు. ఇప్పుడు జట్లలో ఎక్కువమంది ఆడవాళ్ళే కాబట్టి లెక్కలు ఇంకొంచెం ముదిరాయి. మాటల్లేని తోడికోడళ్ళను కావాలనే ఉద్దులుగా వేసే గడుసు గురువులూ ఉన్నారు. “అక్కా, నువ్వు గట్టిగా కొడితే నేనెట్ల కాసుకునేది” అన్న ఒక్క మాట బయటికి రానీ, ఆ ఇంట్లో సగం పంచాయితీ తీరినట్టే.

ఒకే తీరు వరస మార్పులు, అడుగులు కలిసి ఒక కోపు. జట్టు ఎంత గట్టిదో చెప్పాలంటే మాత్రం జడకోపు చూడాలి. పందిరి నడిమధ్య కొక్కేనికి రంగురంగుల తాళ్ళు వేలాడగడతారు. మనిషికొక తాడు. ఒకరు ఎదుటివాళ్ళ తాడు కిందుగా దూరితే, తరవాతివాళ్ళ తాడుకు పైగా రావాలి. పాట సాగేకొద్దీ నెత్తిమీద జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. అప్పుడు గురువు మనుషుల్ని చూడడు, జడను చూస్తాడు. ఎరుపు పక్కన పసుపు రావాల్సిన చోట మళ్ళీ ఎరుపే వచ్చిందంటే ఎవరో కిందికి పోవాల్సినవాళ్ళు పైకి పోయారు. ఎక్కడ తప్పిందో, ఎవరు తప్పారో జడే చెబుతుంది కాబట్టి సాకులు చెల్లవు. అల్లడం వచ్చినవాళ్ళందరికీ విప్పడం రాదు. వచ్చిన దారినే, వచ్చిన వరసలోనే, తిరగేసి నడవాలి. అల్లేటప్పటి తప్పు విప్పేటప్పుడు ముడై బిగుసుకుంటుంది. అందుకే బుద్ధిమంతుడైన గురువు మొదట నాలుగే తాళ్ళతో విప్పడం వచ్చేదాకా నేర్పి, ఆ తరవాతే జతలు పెంచుతాడు.

చెక్కభజన తీరు వేరు. గాట్లలో ఇత్తడి బిళ్ళలు కూర్చిన చెక్కలు చేతుల్లో, గజ్జెలు కాళ్ళకు, నడుముకు బిగించిన గుడ్డ. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుని ఈల వేస్తే చాలు, కూర్చున్న వరస లేస్తుంది, లేచిన వరస గిరుక్కున తిరుగుతుంది. దమ్ము కావాలి. రాయలసీమ మగవాళ్ళకు ఇది భజన ఎంతో, వ్యాయామమూ అంతే. నేర్చుకోవడం పూర్తయ్యాక గజ్జెపూజ చేసి, గురువుకు బట్టలు పెట్టి, తాంబూలంలో సంభావన ఉంచి కాళ్ళు మొక్కుతారు. జట్టు జనం ముందు ఆడేది ఆ తరవాతే.

కోలంటే కర్రే కదా, ఇదే సీమలో దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం జరుగుతుంది. మాళమల్లేశ్వరుల ఉత్సవ మూర్తుల కోసం ఊళ్ళు రెండు పక్షాలై కర్రలతో కలబడతాయి, ఏటా తలలు పగులుతాయి. భక్తికి నేను అడ్డం మాట్లాడను. కానీ అదే చేతికి రెండు నెలలు కోల ఇచ్చి, ఎదుటివాడి కోలకు తగిలించి ఆగడం నేర్పే గురువు ఎంత పని చేస్తున్నాడో అక్కడ బాగా తెలిసొస్తుంది.

ఈ గురువులకు నెల జీతం లేదు. పగలు కొందరు సేద్యం చేస్తారు, కొందరు బండల ఫ్యాక్టరీకి పోతారు. ఊరు చందా వేసుకుని ఇచ్చేదే సంభావన. మరోపక్క ఫోనులో వీడియో చూసి నాలుగు అడుగులు పట్టేసి, స్పీకరులో పాట పెట్టి ఆడే జట్లు పెరిగాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి, ఒకే రంగు చీరలు, ఒకే రకం పూలు. కాకపోతే స్పీకరు పాట ఎవరికోసమూ ఆగదు. గురువు గొంతు ఆగుతుంది. ముసలమ్మ తిరగడం ఆలస్యమైతే చరణాన్ని ఇంకోసారి పాడతాడు, కుర్రకారు ఊపు మీదుంటే నడక పెంచుతాడు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడవీధిలో ఆడాలన్నది ప్రతి జట్టు కోరిక. డోన్ జంక్షన్ మీదుగా తిరుపతికి రైళ్ళు ఉండనే ఉన్నాయి, ప్రయాణం పెద్ద కష్టం కాదు. కష్టమంతా నడుస్తూ ఆడటంలో ఉంది. రామాలయం ముందర ఒకేచోట గుండ్రంగా తిరిగిన జట్టు, అక్కడ వాహనం కదిలినప్పుడు కదులుతూ, ఆగినప్పుడు ఆగుతూ ఆడాలి. వలయం చెదరకుండా ముందుకు జరగాలంటే తిరుగుతూ ముందుకు సాగే వైపువాళ్ళు అడుగు పెద్దది వేయాలి, వెనక్కి మళ్ళే వైపువాళ్ళు చిన్నది వేయాలి. బయల్దేరే ముందు వారం రోజులు గురువులు ఊరి వీధుల్లో ఇదే సాధన చేయిస్తారు. వెనక తేరు లేదు, వాహనం లేదు. ఎవరో ఒక పిల్లవాడు సైకిలు తోసుకుంటూ నడుస్తాడు, వాడు ఆగితే జట్టు ఆగుతుంది.