పాచిక ఆగేదాకా కథ ఎవరికీ తెలియదు

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్లలో గేమ్ మాస్టర్ అనే ఒకరు చీకటి సొరంగాన్నీ, పాత తలుపునీ, దాని వెనక వినిపించే గురకనూ వర్ణిస్తారు. మిగతావాళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. చప్పుడు కాకుండా తాళం తీస్తానంటుంది దొంగ పాత్ర. తీయగలిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ తరహా ఆట జనంలోకి వచ్చింది. బొమ్మ సైనికుల యుద్ధాల ఆటల్లోంచి పుట్టింది కాబట్టి, నియమాలు ఆ పాత అలవాటు మిగిల్చిన లెక్కలేననీ, అసలు ఆనందమంతా కథలోనే ఉందనీ చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది పొరపాటు. ఎలాంటి కథ పుడుతుందో చాలావరకు తేల్చేది నియమమే.

ఆ ఆట తొలి రోజులనే చూడండి. పాత్ర ఎదగడానికి కావలసిన అనుభవ పాయింట్లు రాక్షసులను చంపితే కొద్దిగానే వచ్చేవి. బయటికి మోసుకొచ్చిన బంగారానికైతే నాణేనికొకటి చొప్పున దండిగా వచ్చేవి. అలాంటప్పుడు తెలివైన ఆటగాడు కత్తి దూయడు. కాపలావాడికి లంచమిస్తాడు, డ్రాగన్ నిద్రపోయేదాకా కాచుకుంటాడు, పక్కదారి వెతుకుతాడు. 2000లో మూడో కూర్పు వచ్చేసరికి పాయింట్లు ప్రధానంగా శత్రువును ఓడించడానికే దక్కాయి. అదే గుహ, అదే డ్రాగన్. కానీ దొంగతనం కథ కాస్తా యుద్ధం కథ అయింది. 1981 నాటి ‘కాల్ ఆఫ్ కతూలూ’లో పాత్రకు మతిస్థిమితం కూడా ఒక అంకెగా ఉంటుంది. ఘోరమైనది చూసినా, నిషిద్ధ గ్రంథం చదివినా అది తరిగిపోతుంది. ఆ ఆటలో భయపడమని ఎవరూ చెప్పనక్కర్లేదు; పుస్తకం తెరవాలంటేనే వెనకాడతారు.

మంచి కథకుడికి ఇవన్నీ ఎందుకు, పగ్గాలు లేకపోతే ఊహ ఇంకా ఎగురుతుంది కదా అనవచ్చు. అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. పృచ్ఛకుడు ఒక్కో అక్షరం వద్దంటుంటే అవధాని తాను ముందనుకోని మాట వైపు మళ్లుతాడు, పద్యం అక్కడే కొత్తదవుతుంది. పైగా నియమం లేని బల్ల దగ్గర గెలుపోటములు గేమ్ మాస్టర్ ఇష్టం మీదే నడుస్తాయి. అప్పుడు మిగతావాళ్లు ఆటగాళ్లు కారు, శ్రోతలు. పోరు మధ్యలో నియమాల పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే ఉత్సాహం చల్లారుతుందన్నది మాత్రం నిజమే; నియమాలు ఎన్ని ఉంటే అంత మేలని నేననను.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. నెలల తరబడి పెంచుకున్న వీరుడు ఒక్క చెడ్డ పందేనికి దారిదొంగ చేతిలో చస్తే అదేం కథ? దీనికి జవాబు కూడా నియమాల్లోంచే వచ్చింది. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లో రెండు మామూలు పాచికలు వేసి, పాత్ర సామర్థ్యపు అంకెను కలుపుతారు. 10 దాటినా, 10 వచ్చినా పని అవుతుంది. 7 నుంచి 9 దాకా పడితే అవుతుంది గానీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి. ఏమీ కలపకుండా చూసినా 36 పందేల్లో 15 ఈ మధ్య మెట్టు మీదే పడతాయి. అంటే తాళం తెరుచుకుంది, కాపలావాడూ లేచాడు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 కూర్పులో ప్రాణశక్తి సున్నాకు పడిన వీరుడు సాధారణంగా అక్కడికక్కడే చావడు. తన ప్రతి వంతులో ఇరవై ముఖాల పాచిక వేస్తాడు: 10 గానీ పైన గానీ పడితే ఒక గెలుపు, లేకుంటే ఒక ఓటమి. మూడు ఓటములకు ముందే మూడు గెలుపులు రావాలి. ఈలోగా నేస్తాలు తేల్చుకోవాలి: శత్రువుకు అడ్డంగా నిలబడాలా, వెన్ను చూపించి అయినా పడిపోయినవాడి దగ్గరికి పరుగెత్తాలా?