అమ్రాబాద్‌లో వానాకాలపు పక్షి వీక్షణ

అమ్రాబాద్ నల్లమల కొండలపై, కృష్ణానదికి ఉత్తరాన ఉన్న పీఠభూమి ప్రాంతం. పూర్వం మహబూబ్ నగర్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. ఇక్కడి ఆకురాల్చు అడవులు పక్షులకు నెలవు. వానాకాలం వీటిలో అనేక జాతులు గూడు కట్టుకొనే కాలం కనుక, ఈ ఋతువులో పక్షులను గమనించే పద్ధతి మిగిలిన కాలాలకంటే భిన్నంగా ఉంటుంది.

చరిత్ర

ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో జరిపిన పక్షుల సర్వేలో అమ్రాబాద్ పీఠభూమిపైని మన్ననూరు, ఫరహాబాద్ కూడా ఉన్నాయి. దాని ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి.

వాన కురిసిన ఉదయం

జోరువానలో పక్షులు గుబురు కొమ్మలలో ఒదిగి ఉంటాయి. ఆకులు దట్టమవడంవల్ల కంటికి చిక్కడం కూడా కష్టం. అందువలన ఈ కాలంలో చూపుకంటే వినికిడి ముఖ్యం. నెమలి క్రేంకారం, జెముడుకాకి గంభీరమైన కూత దూరం నుండే పోల్చుకోవచ్చును.

వాన వెలిసిన తరువాతి సమయం వీక్షణకు అనువైనది. పక్షులు ఎత్తైన కొమ్మలకు చేరి రెక్కలు విదిలించి, ముక్కుతో ఈకలు సరిచేసుకుంటాయి. తోక మొదట ఉండే గ్రంథి నుండి వచ్చే నూనెను ఈకలకు పూసుకోవడం వలన అవి చెడిపోకుండా ఉంటాయి. నేలనుండి ఉసిళ్ళు లేచినపుడు పాలపిట్ట, పసులపోలిగాడు వంటివి వాటిని పట్టి తింటాయి.

చాతకం

చాతకం వానచినుకులనే త్రాగుతుందని కవుల నమ్మకం. నిజానికి దాని ముఖ్యాహారం గొంగళిపురుగులు. ఇది తాను గూడు కట్టక, బ్యాబ్లర్ జాతి పిట్టల గూళ్ళలో గ్రుడ్లు పెడుతుంది. ఆ పిట్టలు గూళ్ళు కట్టే తరుణమే దీనికీ అనుకూలం.

జాగ్రత్తలు

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వానాకాలపు నెలలలో సఫారీలు సాధారణంగా నిలిపివేస్తారు. కనుక ఈ కాలంలో చెరువు గట్లు, పొలాల అంచులు వీక్షణకు తగిన చోట్లు. గిజిగాడు నీటి ప్రక్కన వ్రేలాడే గూళ్ళు అల్లడం అక్కడ చూడవచ్చును.

గూటికి దగ్గరగా వెళ్ళరాదు. మనిషి అలికిడికి తల్లిపక్షి లేచిపోతే గ్రుడ్లు, పిల్లలు వానకు తడిసి చల్లబడతాయి. కాకులకు, పాములకు దొరికిపోతాయి. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించడం కూడా తగదు. దానిని మరొక పక్షి చొరబాటుగా భావించి, పిల్లలను మేపవలసిన సమయాన్ని అది వృథా చేసుకుంటుంది. ఒక ఛాయాచిత్రం కోసం ఒక గూడు పాడైతే, ఆ జంటకు ఆ ఏటి సంతానమే దక్కకపోవచ్చును.